గుట్టమీద తమ్ముడు చెక్కించిన మాట

విహారయాత్ర అనగానే మన కుటుంబాలవారికి దూరపు ఊళ్లే గుర్తుకు వస్తాయి. కొందరు మెదక్ చర్చి చూచి వస్తారు. కొందరు గోలకొండ, చార్మినారు చూపించడానికి పిల్లలను పట్నం తీసికొని వెళ్తారు. ఇంకా కొందరు నాగార్జునసాగర్ దాకా పోయి, లాంచీ ఎక్కి, నీళ్ల నడుమ దీవిగా నిలిచిన నాగార్జునకొండ మీద దిగి, పదిహేడు వందల ఏండ్లనాటి ఇక్ష్వాకుల కట్టడాలు చూచి వచ్చి సంవత్సరం పొడుగునా చెప్పుకొంటారు. అది మంచిదే. అయితే పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలవారమైన మనకు ఇంటి వెనుకనే అటువంటి చోట్లు ఉన్నాయి. పడవ ప్రయాణమూ ఉన్నది, కొండ ఎక్కడమూ ఉన్నది, వెయ్యేండ్లనాటి రాళ్లూ ఉన్నాయి. పొద్దున బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మేము అదే పని చేశాము. గోదావరికి అవతలి ఒడ్డున, లక్షెట్టిపేట దగ్గరి రెండు పల్లె సంఘాల కుటుంబాలవారము, పిల్లా పెద్దా కలిసి నలభైమందికి పైగా ఒక బస్సు మాట్లాడుకొన్నాము. తలా ఇంత వేసికొన్న డబ్బుతో డీజిలు, మధ్యాహ్నపు కూరలు సరిపోయాయి. సకినాలు, పులిహోర ఇండ్లలోనుండి వచ్చాయి. చూడవలసినవి రెండు: కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట, మానేటి ఒడ్డున ఎలగందుల కోట.

బయలుదేరకముందే ఒక ప్రశ్న వచ్చింది

ప్రయాణం ఖాయమైన ఆదివారమే సంఘ పెద్దలలో ఒకరు, డెబ్బై దాటిన తాత, అందరి ముందు లేచి అడిగాడు. "జైనుల బొమ్మలున్న గుట్టకు మనం పోవుడెందుకు అయ్యగారూ? పిల్లలకు ఏం నేర్పుతం?" అన్నాడు.

ఆ మాట కొట్టివేయదగినది కాదు. మన ఇండ్లలో చాలామందికి ఆ సందేహం ఉంటుంది. కాపరిగారు శాంతంగా జవాబిచ్చారు. అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో కండ్లు మూసికొని నడువలేదు. ఆ పట్టణమంతా తిరిగి, వారి బలిపీఠాలను చూచి, వాటిమీది వ్రాతను చదివి, ఆ తరువాతనే మాట్లాడాడు. "చూచుటకు, మ్రొక్కుటకు తేడా తెలిసిన పిల్లలను పెంచినాము గదా తాతా. మనము చూడబోయేది మన భాష పుట్టుపూర్వోత్తరాలు. మన బైబిలు ఏ భాషలో చదువుకొంటున్నామో ఆ భాషలో పద్యాలు ఆ బండమీద ఉన్నాయి" అన్నారు. తాత కాసేపు ఆలోచించి, "అయితే నేను గూడ వస్త. ముందు సీటు నాకియ్యాలె" అన్నాడు.

గోదావరి దాటి ధర్మపురి మీదుగా

తెల్లవారి ప్రార్థన చేసికొని బయలుదేరి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటాము. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ నదే ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలకు సరిహద్దు. వంతెన దిగగానే కొంతదూరంలో ధర్మపురి వస్తుంది. మేము అక్కడ ఆగలేదు గాని, మేము చూడబోయే కథ నిజానికి అక్కడే మొదలవుతుంది. అందుచేత బస్సులోనే కాపరిగారు దానిని పిల్లలకు చెప్పారు.

వెయ్యి సంవత్సరాల క్రిందట ఈ ప్రాంతాన్ని సబ్బినాడు అనేవారు. వేములవాడ రాజధానిగా చాళుక్యులలో ఒక శాఖవారు ఏలేవారు. వారిలో రెండవ అరికేసరి అనే రాజు కొలువులో పంపడు అనే కవి ఉండేవాడు. కన్నడిగులు నేటికీ తమ ఆదికవి అని గౌరవించేది ఈ పంపనినే. భారత కథను కన్నడంలో "విక్రమార్జున విజయం" అనే పేరుతో క్రీ.శ. 941లో వ్రాసి, అందులో తన రాజును అర్జునునితో పోల్చాడు. రాజు సంతోషించి ధర్మవురం అనే అగ్రహారాన్ని బహుమానంగా ఇచ్చాడు. ఆ ధర్మవురమే ఈ ధర్మపురి అని పండితులు చెబుతారు. కన్నడ సాహిత్యపు మొదటి మహాకవికి మన గోదావరి ఒడ్డున భూములుండేవన్న మాట!

పంపని పూర్వులు ఆంధ్రదేశంలో వేంగినాటివారు, వంగిపర్రు గ్రామస్థులు. బ్రాహ్మణ వంశం. పంపని తండ్రి భీమపయ్య జైనమతం పుచ్చుకొన్నాడు. తల్లి పేరు అబ్బణబ్బె. తాతలనాటి విశ్వాసం విడిచి కొత్త విశ్వాసంలోకి వచ్చిన ఇల్లు ఎట్లా ఉంటుందో, బంధువులు ఏమంటారో, పిల్లలు రెండింటి నడుమ ఎట్లా పెరుగుతారో మన సంఘాలలో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఇంట్లో పుట్టినవాడే పంపడు. అతనికి ఒక తమ్ముడున్నాడు. పేరు జినవల్లభుడు. మేము చూడబోయేది ఆ తమ్ముడు చెక్కించిన శాసనాన్ని.

బొమ్మలగుట్ట

జగిత్యాల, కొండగట్టు దాటి కరీంనగర్ వైపు వస్తుంటే గంగాధర మండలంలో కురిక్యాల తగులుతుంది. కరీంనగర్ నుండి వచ్చేవారికైతే జగిత్యాల దారిలో ఇరవై కిలోమీటర్ల దరిదాపు. ఊరివారు ఆ గుట్టను బొమ్మలగుట్ట అనీ, బొమ్మలమ్మ గుట్ట అనీ పిలుస్తారు. జినవల్లభుని కాలంలో దాని పేరు వృషభాద్రి.

దూరంనుండి చూస్తే మన ప్రాంతంలోని వంద గుట్టలలో అదీ ఒకటి. పెద్ద పెద్ద బండలు, నడుమ ముండ్లచెట్లు. పైకి ఎక్కిన తరువాత నిలువు బండమీద బొమ్మలు కనబడతాయి. జైనుల గురువులైన తీర్థంకరుల రూపాలు, చక్రేశ్వరి అనే దేవత రూపం చెక్కి ఉన్నాయి. వాటి దగ్గరనే శాసనం. పదకొండు పంక్తులు. ఎండ వాలుగా పడితే అక్షరాలు తేటగా తెలుస్తాయి, నడినెత్తిన ఉన్నప్పుడు వెతుక్కోవాలి.

పదవ తరగతి చదివే అబ్బాయి ఒకడు ముందుకు వంగి చాలాసేపు చూచి, "ఇది తెలుగా, కన్నడమా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. ఆ కాలంలో రెండు భాషలకూ లిపి ఇంచుమించు ఒక్కటే. తరువాత తరువాత రెండుగా చీలింది. ఈ శాసనంలో మూడు భాషలున్నాయి: సంస్కృతం, కన్నడం, తెలుగు. చివర తెలుగులో మూడు కందపద్యాలు ఉన్నాయి. కందం అంటే నాలుగు పాదాల చిన్న పద్యం. మొదటి మూడవ పాదాలు పొట్టివి, రెండవ నాలుగవ పాదాలు పొడుగువి. నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరం కలవాలి. మన బడులలో పిల్లలు బట్టీపట్టే సుమతీ శతకం అంతా కందాలలోనే ఉన్నది. ఆ నడక ఇక్కడ క్రీ.శ. 945 ప్రాంతంలోనే తయారై యున్నది.

ఈ కాలాన్ని కాస్త గుర్తుంచుకోవాలి. తెలుగులో మొట్టమొదటి కావ్యంగా చెప్పే నన్నయ భారతం రాజమహేంద్రవరంలో మొదలయ్యింది పదకొండవ శతాబ్దంలో. దానికి నూరేండ్ల ముందే కరీంనగర్ గుట్టమీద తెలుగు పద్యం ఉన్నది. భారత ప్రభుత్వం 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా ఇచ్చినప్పుడు, ఆ భాష ప్రాచీనతకు సాక్ష్యాలుగా చెప్పుకొన్నవాటిలో ఈ శాసనం ముఖ్యమైనది. ఆ సమయంలోనే, దానితోపాటే కన్నడానికి గూడ అదే హోదా వచ్చింది. అన్న వ్రాసిన భాష, తమ్ముడు చెక్కించిన భాష, రెండూ కలిసి గౌరవం పొందాయి.

ఏమి వ్రాయించాడు?

తెలుగు పెద్దలకు ఇది తెలిసిన సంగతే కావచ్చు గాని, మా బస్సులో ఎక్కువమందికి కొత్త. అందుచేత సారాంశం ఇక్కడ చెబుతున్నాము.

జినవల్లభుడు తన గొప్పలు ఏమీ చెప్పుకోలేదా అంటే చెప్పుకొన్నాడు. ఈ గుట్టమీద జినబింబాలు చెక్కించానన్నాడు. "త్రిభువన తిలకం" అనే బసదిని, అంటే జైనుల ఆలయాన్ని కట్టించానన్నాడు. ఒక తోట వేయించి దానికి "మదనవిలాసం" అని పేరు పెట్టాడు. ఒక చెరువు త్రవ్వించాడు. ఆ చెరువుకు తన పేరు పెట్టుకోవచ్చు. త్రవ్వించినవాడు తానే. అయినా దానికి "కవితాగుణార్ణవం" అని పేరు పెట్టాడు. అది అన్న పంపనికున్న బిరుదు.

శాసనంలో ఎక్కువ మాటలు అన్న గురించే. మా అన్న ఇటువంటి కవి, ఇటువంటి గుణవంతుడు, రాజు మెచ్చి అగ్రహారమిచ్చాడు, మా తల్లిదండ్రులు ఫలానావారు, మా పూర్వుల ఊరు ఫలానాది అని వరుసగా చెక్కించాడు. పంపని ఇంటి సంగతులు నేడు మనకింత నిశ్చయంగా తెలియడానికి ఈ తమ్ముడే ఒక కారణం. యోబు భక్తుడు తన మాటలు ఇనుప పోగరతో బండమీద చెక్కబడితే బాగుండునని కోరుకొన్నాడు గదా! అది తన మాటల కొరకు. ఇక్కడ ఒకడు తన అన్న మాట నిలవాలని బండను ఆశ్రయించాడు.

ఇది విన్నాక గుట్టమీద కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత స్త్రీల సమాజపు అమ్మ ఒకామె కొంగుతో ముఖం తుడుచుకొంటూ, "నా కొడుకులిద్దరు గూడ ఒకరి పేరు ఒకరు రాసిండ్రు, గట్టు పంచాయితి కాగితంల" అన్నది. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. మేము ఆ సంగతి ఎరుగుదుము. రెండు గుంటల గట్టు దగ్గర మొదలై ఆ అన్నదమ్ములు ఆరేండ్లుగా ఒకరి గడప ఒకరు త్రొక్కడం లేదు. ఒకే ప్రభురాత్రి భోజనపు బల్లకు వేర్వేరు వరుసలలో వస్తున్నారు. మా సంఘాలలో అటువంటి ఇల్లు అదొక్కటే కాదు. చదివే మీ సంఘాలలోనూ ఉండవచ్చును.

గుట్టలకు వచ్చిన గండం

దిగి వస్తుంటే రోడ్డుమీద పెద్ద లారీ పోయింది. దానిమీద ఒకటో రెండో బండలే ఉన్నాయి గాని, ఒక్కొక్కటి చిన్న గుడిసెంత. కరీంనగర్ గ్రానైటుకు పేరున్నది. ఇక్కడి గోధుమరంగు రాయిని దిమ్మెలుగా కోసి రేవులకు పంపి, చైనా మొదలైన దేశాలకు ఎగుమతి చేస్తున్నారు. ఆ పని మీద వేలాది కుటుంబాలు బ్రతుకుతున్నాయి. మా బస్సులోనే క్వారీలో కూలి చేసినవారు ఇద్దరున్నారు. కాబట్టి రాయి కోయడమే పాపమని మేము వ్రాయబోము.

కాని ఒక లెక్క గమనించాలి. ఈ బండలు రెండు వందల కోట్ల ఏండ్లకు పైబడినవని భూగర్భ శాస్త్రజ్ఞుల మాట. ఒక గుట్ట కోయడానికి కొన్ని సంవత్సరాలు చాలు. కోసిన గుట్ట మళ్లీ మొలవదు. దానిమీద అక్షరాలుంటే అవీ పోతాయి. చుట్టుపక్కల గుట్టలు ఒక్కొక్కటే తరిగిపోతుండగా, బొమ్మలగుట్టకు ఆ గతి పట్టగూడదని చరిత్ర తెలిసినవారు ఎన్నోసార్లు మొరపెట్టుకొన్నారు. వారి మొర న్యాయమైనదే. కోయడానికి రాయి చాలా ఉన్నది. తెలుగు కందం చెక్కిన వెయ్యేండ్ల బండ ఇంకొకటి ఎక్కడ వెతుకుతాము?

క్వారీ కంటె చిన్న గండం మరొకటి ఉన్నది. అది మన చేతిలోనిది. మేము ఎక్కినప్పటికే బండలమీద ఎవరెవరో రాతితో గీకిన పేర్లు, రంగుతో పూసిన గుర్తులు ఉన్నాయి. మా యౌవనస్థుడొకడు ఫోటోలో అక్షరాలు తెల్లగా కనబడాలని సుద్దముక్క తీశాడు. తాతనే చేయి పట్టుకొని ఆపాడు, గుట్టకెందుకని అడిగిన తాతనే. సుద్ద పూసినా, నూనె పూసినా, గోటితో గీకినా చెక్కుడు అరుగుతుంది. ఎండ వాలే వేళ వెళ్తే ఏమీ పూయకుండానే అక్షరం కనబడుతుంది.

మానేటి మీద పడవ

మధ్యాహ్నం కరీంనగర్ చేరి, దిగువ మానేరు డ్యాము దగ్గర భోజనాలు చేశాము. ఈ ఆనకట్ట పని 1974లో మొదలై 1985లో ముగిసింది. నిండితే 24 టీఎంసీల నీరు నిలుస్తుంది. మానేటి నీటికి తోడు, పోచంపాడు నుండి 146 కిలోమీటర్లు పారి వచ్చే కాకతీయ కాలువ ద్వారా గోదావరి నీరు గూడ ఇందులో చేరుతుంది. పొద్దున వంతెన మీద మేము దాటిన నది సాయంత్రం మా పడవ క్రింద ఉన్నదన్న మాట! పిల్లలకు ఇది విచిత్రంగా తోచింది.

ఇక్కడ పడవ షికారు ఉంటుంది. నీటిమట్టాన్ని, గాలిని బట్టి నడుపుతారు గనుక ముందుగా అడిగి వెళ్లడం మంచిది. లైఫ్ జాకెట్టు ఇస్తారు, అందరూ వేసికోవాలి. మా పిల్లలలో చాలామంది పడవ ఎక్కడం అదే మొదటిసారి. ఒడ్డు దూరమయ్యేకొద్దీ కేకలు ఆగి, గాలి చప్పుడొక్కటే మిగిలింది. పడవలో ఒక పెద్దమ్మ మాత్రం నీళ్లవంకే చూస్తూ కూర్చున్నది. ఆమె తల్లిగారి ఊరు ఈ నీటి క్రింద పోయిన ఊళ్లలో ఒకటట. "ఈడనే ఏడనో మా చేదబావి" అన్నది. ఈ నీళ్లు కరీంనగరానికి దాహం తీర్చాయి, వరంగల్ వైపు పొలాలకు పారాయి. ఆ మేలు అనుభవించేవారము, ఇండ్లు వదలి లేచిపోయినవారిని గూడ తలచుకోవాలి.

ఎలగందుల కోట

పడవ దిగి, సిరిసిల్ల దారిలో పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న ఎలగందులకు వెళ్లాము. తాటిచెట్ల నడుమ గుట్ట, గుట్ట చుట్టూ గోడలు, మీద బురుజులు. వెలిగందుల అనీ, బహుధాన్యపురం అనీ పాత పేర్లున్నాయి. కాకతీయులు, ముసునూరి నాయకులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు, ఇంతమంది చేతులు మారిన కోట ఇది. ద్వారం తరువాత ద్వారం దాటుకొంటూ ఎక్కాలి. ఒక్కొక్క మలుపులో గోడ కట్టుబడి మారుతుంది. సున్నం లేకుండా పేర్చిన పెద్ద రాళ్లు ఒకచోట, గచ్చు పూసిన కమానులు ఇంకొకచోట. 1754లో కట్టించిన మసీదు మినార్లను ఊపితే కదులుతాయని ప్రసిద్ధి. మేము ఊపి చూడలేదు. పాత కట్టడాలను అట్లా పరీక్షించవద్దని పిల్లలకు చెప్పాము.

నిజాం కాలంలో జిల్లాకు ఎలగందులే ముఖ్యపట్టణం. ఈ ప్రాంతానికి మొదటి మిషనెరీలు వచ్చేనాటికి జిల్లా పేరు ఎలగందులే. ఈ కోటకు కిలేదారుగా ఉండిన సయ్యద్ కరీముద్దీన్ పేరుమీద కరీంనగర్ ఏర్పడిందని చెబుతారు. 1905లో జిల్లా కచేరీలు అక్కడికి తరలిపోయాయి. అధికారం పోయిన దూరం కొద్దిపాటి బండి ప్రయాణం. అయినా కచేరీల వెంట వ్యాపారమూ, జనమూ పోయారు. ఇప్పుడు కోటలో మేకలు మేస్తున్నాయి.

పైన కూర్చుండి చూస్తే మానేటి నీళ్లు, పొలాలు, అంతటా గుట్టలు కనబడతాయి. ఇంతమంది రాజులలో ఎవరు ఏ గోడ కట్టించారో మాకు చెప్పగలవారు అక్కడ దొరకలేదు. పొద్దున చూచిన బండమీద మాత్రం ఒక తల్లి పేరు, ఒక తండ్రి పేరు, ఒక అన్న పేరు చదువుకోగలిగాము. కోటకు ఎన్ని వేలమంది కూలీలు రాళ్లు మోశారో! ఆ పదకొండు పంక్తులకు ఒక శిల్పి, ఒక ఉలి, అన్నమీద ప్రేమ ఉన్న ఒక తమ్ముడు చాలినారు.

వెళ్లేవారికి నాలుగు మాటలు

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వెళ్లడానికి అనుకూలం. ఎండాకాలం బండలు కాలుతాయి, వానాకాలం జారుతాయి. గుట్టమీద నీళ్లు దొరకవు. మనిషికి రెండు సీసాల నీళ్లు, గట్టి చెప్పులు, తలకు గుడ్డ ఉండాలి. చిన్నపిల్లలను బండల అంచులకు పోనీయరాదు. మోకాళ్ల నొప్పులున్నవారు కోటలో మొదటి ద్వారందాకా చూచినా చాలు. పొద్దుగూకక ముందే దిగాలి. ప్లాస్టిక్ సంచులు, తిన్న ఆకులు తిరిగి తెచ్చుకోవాలి. బొమ్మలగుట్టకు వెళ్లేముందు కురిక్యాల ఊరిలో ఒక పెద్దమనిషిని అడిగి తోడు తీసికొంటే దారి తప్పదు.

ఆదివారపు బడి ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలను తీసికొని వెళ్తే శాసనం ముందు నిలబెట్టి, ఎవరికి వారు తమ తాతముత్తాతల పేర్లు, ఊళ్లు చెప్పమనండి. మా పిల్లలలో తాత తండ్రి పేరు చెప్పగలిగినవారు ఏడుగురే.

తిరిగి వచ్చిన తరువాతి ఆదివారం మా సంఘాలలో ఒక పని మొదలుపెట్టాము. పూర్వం మన ఇండ్లలో కుటుంబ బైబిలు మొదటి పుటలలో పుట్టినరోజులు, బాప్తిస్మములు, వివాహములు వ్రాసి ఉంచేవారు. ఆ అలవాటు చాలాచోట్ల తప్పిపోయింది. దానిని మళ్లీ పట్టుకొంటున్నాము. తండ్రి పేరు, తల్లి పేరు, వచ్చిన ఊరు, మొదట విశ్వాసంలోకి వచ్చినవారెవరు, అన్నదమ్ములు అక్కచెల్లెండ్లు ఎవరెవరు, వారు మనకు చేసిన మేలేమిటి అని ఇంటింటా వ్రాస్తున్నారు. మాట్లాడుకోని అన్నదమ్ముల పేర్లు గూడ వ్రాయాలని నియమం పెట్టుకొన్నాము. గట్టు పంచాయితి ఉన్న ఆ ఇంటినుండి ఒక పుట వచ్చింది. అందులో పెద్దవాడు తమ్ముని పేరు వ్రాసి, దాని ప్రక్కన, "నన్ను బడికి భుజాలమీద మోసినవాడు" అన్న తల్లి మాటను కొట్టివేసి, "బావిలో పడితే నేను తీసినవాడు" అని సరిదిద్దాడు. చిన్నవాని పుట ఇంకా రాలేదు. అడుగుతున్నాము.